టర్కీ కోడిపిల్లలను బల్బు కింద పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ కొబ్బరి తోటల్లోనూ, భీమవరం, నరసాపురం వైపు చెరువు గట్ల మీదా టర్కీలు పెంచుదామనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది మొదటి నెల గురించే. పెద్దయ్యాక టర్కీ మొండి పక్షి. ఎండకు ఓర్చుకుంటుంది, తోటలో గడ్డీ పురుగులూ ఏరుకుని సగం కడుపు నింపుకుంటుంది. గుడ్డులోంచి వచ్చిన మొదటి పది రోజులు మాత్రం చాలా నాజూకు. పెంపకం మానేసినవాళ్ళలో చాలామంది ఆ పది రోజుల్లో దెబ్బతిన్నవాళ్ళే. అందుకే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం ఆ రోజుల గురించే ఉంటుంది.

నాటుకోడి పిల్లల్ని ఎన్నో ఏళ్ళుగా పెంచుతున్నామండి. టర్కీ పిల్లలకి వేరే ఏం చెయ్యాలి?

మీ అనుభవం చాలావరకు పనికొస్తుంది. కానీ నాటుకోడి పిల్ల పుట్టిన కాసేపటికే నేల గీరి నూక ఏరుకుంటుంది. టర్కీ పిల్లకు ఆ చురుకు ఉండదు. ఎదురుగా దాణా పళ్ళెం ఉన్నా అది తిండి అని దానికి తట్టదు. చూపు కూడా మొదట్లో అంత బాగా ఆనదు. కాబట్టి తినడం, తాగడం మనమే నేర్పాలి. వెచ్చదనం కూడా కోడిపిల్ల కంటే ఎక్కువ రోజులు కావాలి. దాణాలో ప్రోటీన్ 28 శాతం దాకా ఉండాలి. కోడిపిల్లల దాణాలో అంత ఉండదు.

మూడో రోజు దాకా హుషారుగానే ఉన్నాయి. నాలుగో రోజు నుంచి ఒక్కొక్కటీ వాలిపోతున్నాయి. ఏ జబ్బండి ఇది?

చాలాసార్లు జబ్బు కాదు, ఆకలి. ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువ పిల్లలు పోయేదీ ఇక్కడే. అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

గుడ్డులోంచి బయటికొచ్చేటప్పుడు పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి ఉంటుంది. రెండు మూడు రోజులు దాని మీద నడుస్తుంది. అందుకే తినని పిల్ల కూడా మూడో రోజు దాకా తిరుగుతూనే కనిపిస్తుంది. మనం అన్నీ తింటున్నాయనుకుంటాం. సొన అయిపోగానే కళ్ళు మూసుకుని, రెక్కలు వాల్చి, బల్బు కింద నిలబడిపోతుంది. అప్పటికి బలం తగ్గిపోయి నేర్పినా తినలేదు. కంగారుపడి యాంటీబయాటిక్ పోస్తారు. ఆకలికి అది మందు కాదు కదా.

పిల్లలు రాగానే ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని ముక్కు కొనను గోరువెచ్చటి నీళ్ళలో ఒకసారి ముంచండి. ముక్కు రంధ్రాల్లోకి నీళ్ళు పోకూడదు. గుటక వేసిందని చూశాకే కింద వదలండి. మొదటి రెండు రోజులు దాణాను గిన్నెలోనే కాకుండా పాత న్యూస్‌పేపరు మీదో కోడిగుడ్ల అట్ట మీదో పల్చగా చల్లండి. దాని మీద వేలి గోరుతో టకటకా కొట్టండి. తల్లి ముక్కుతో కొట్టినట్టు వినబడి రెండు పిల్లలు వస్తాయి, వాటిని చూసి మిగతావి వస్తాయి. ఉడికిన గుడ్డును సన్నగా చిదిమి, తోటకూర పొడిలా తరిగి పైన జల్లితే ఇంకా త్వరగా పొడుస్తాయి. టర్కీ పిల్లలకు ఆకుపచ్చ రంగు మీద మనసు. నీళ్ళ గిన్నెలో, దాణా పళ్ళెంలో రంగు గోళీలు నాలుగు వేస్తే ఆ మెరుపుకు ముక్కు పెడతాయి. గోళీలు మాత్రం మింగలేనంత పెద్దవి ఉండాలి.

రాత్రి పడుకునే ముందు ఒక్కొక్క పిల్ల మెడ కింద, రొమ్ము పైన ఉండే మేత సంచిని వేలి కొసతో తడమండి. తిన్న పిల్లకు అక్కడ మెత్తగా, చిన్న ఉబ్బుగా తగులుతుంది. ఖాళీగా ఉంటే చర్మం, ఎముకే తగులుతాయి. అలాంటివాటిని ఏరి వేరే అట్టపెట్టెలో పెట్టి, గుడ్డు సొనను పాలలో కలిపి చుక్కలు చుక్కలుగా ముక్కు పక్క నుంచి పట్టండి. ఇంట్లో ఎవరో ఒకరు మొదటి మూడు రోజులు పిల్లల దగ్గరే కూర్చోగలిగితేనే టర్కీలు తెచ్చుకోండి. పెళ్ళికో ఊరికో వెళ్ళే పని ఉంటే ఆ వారం వాయిదా వేసుకోండి.

ఇంక్యుబేటర్లో అదే రోజు వచ్చిన కోడిపిల్లలు రెండు కలిపితే తినడం నేర్పుతాయంటారు. నిజమేనా?

నిజమే, బాగా పనిచేస్తుంది. అయితే ఆ కోడిపిల్లలు ఇంక్యుబేటర్లోంచి నేరుగా రావాలి. పెరట్లో తల్లి వెంట తిరిగినవి వద్దు. ఎందుకో కింద నల్లతల జబ్బు దగ్గర చెప్పాను. వారం తర్వాత వాటిని విడదీసేయండి.

ఎంత వేడి ఉండాలి? ఎన్ని బల్బులు పెట్టాలి?

మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు, అంటే 95 ఫారెన్‌హీట్. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. పాతిక పిల్లలకు వానాకాలంలోనో చలికాలంలోనో రెండు 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు చాలు. ఒకటే పెద్ద బల్బు కంటే రెండు వేరువేరు హోల్డర్లు మేలు. అర్ధరాత్రి ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుందే గానీ వేడి ఇవ్వదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో అవే కాబట్టి కొనేటప్పుడు షాపులో అడిగి తీసుకోండి.

థర్మామీటరు ఉంటే మంచిదే, కానీ పిల్లల్నే చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుగా అరుస్తుంటే చలి. దూరంగా అంచులకు పోయి నోళ్ళు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని అర్థం. చెదురుమదురుగా పడుకుని సన్నగా కిచకిచమంటుంటే అంతా బాగున్నట్టే.

మే నెలలో రాజమండ్రి, తణుకు వైపు పగలు 40 డిగ్రీలు దాటుతుంది. అలాంటప్పుడు పగలు బల్బు ఆర్పేసి, తెల్లవారుజామున మాత్రం వేయండి. ఎండకంటే మన ఉక్కపోత ప్రమాదం. నాలుగు పక్కలా పట్టాలు కట్టేసి గాలి ఆడకుండా చేస్తే పిల్లలు ఉడికిపోతాయి. నేల మట్టంలో గాలి కొట్టకూడదు, పైన మాత్రం గాలి ఆడాలి.

తుపానుకి రెండ్రోజులు కరెంటు పోతే?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పిల్లలు ఉన్నవాళ్ళు దీనికి ముందే సిద్ధంగా ఉండాలి. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకు కోనసీమలో కరెంటు ఎన్నాళ్ళు లేదో చెప్పక్కర్లేదు. ఇన్వర్టరు ఉంటే ఒక బల్బు దానికి కలపండి. లేకపోతే సీసాల్లో వేడినీళ్ళు పోసి, గట్టిగా మూత బిగించి, పాత గుడ్డ చుట్టి పిల్లల మధ్య పెట్టండి. రెండు మూడు గంటలకోసారి నీళ్ళు మార్చాలి. పిల్లల్ని చిన్న అట్టపెట్టెలోకి మార్చితే ఒంటి వేడి కూడా నిలుస్తుంది. పెట్టెకు పైన కన్నాలు పెట్టాలి.

కుంపటి పెట్టేవాళ్ళున్నారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పిల్లలే కాదు, కాపలా పడుకున్న మనిషి కూడా పోతాడు. తలుపులు, కిటికీలు తెరిచి ఉన్న చోటే కుంపటి పెట్టండి. ఆ పక్కన నిద్రపోవద్దు.

బ్రూడర్ ఎంత పెద్దది కావాలి? మూలలు ఉండకూడదంటారు ఎందుకు?

బ్రూడర్ అంటే బల్బు కింద పిల్లల్ని వెచ్చగా ఉంచే చోటు. పాతిక పిల్లలకు మొదటి వారం నాలుగు అడుగుల వెడల్పు గుండ్రటి దడి చాలు. ఆ తర్వాత రెండు మూడు రోజులకోసారి పెంచుకుంటూ పోండి. నాలుగో వారానికి పిల్లకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర చదరపు అడుగు చొప్పున ఉండాలి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి అడుగున్నర ఎత్తున గుండ్రంగా నిలబెట్టినా సరిపోతుంది. మూల ఉంటే భయపడినప్పుడు అన్నీ అందులోకి దూరి కింద ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. పిల్లి అరిచినా, ఉరుము ఉరిమినా టర్కీ పిల్లలు అలాగే చేస్తాయి. రెండో వారానికి రెక్క ఈకలు వచ్చి దడి దూకేస్తాయి కాబట్టి అప్పటికి పైన వల కప్పండి.

కింద ఏం పరవాలి?

రైసు మిల్లు ఊక రెండంగుళాల మందాన. మనకు దానికి కరువు లేదు. కానీ మొదటి నాలుగైదు రోజులు ఊక మీద గోనెపట్టా కప్పండి. లేకపోతే దాణా అనుకుని ఊకే తిని కడుపు నింపుకుంటాయి. ఉత్త న్యూస్‌పేపరు మీద నిలబెట్టొద్దు. కాళ్ళు జారి రెండు పక్కలకూ చీలిపోతాయి. దాణా చల్లిన పేపరు కూడా గోనెపట్టా మీద ఒక పక్కనే ఉండాలి, పని అయ్యాక తీసేయాలి.

కొబ్బరి పీచు పొట్టు ఉచితంగా దొరుకుతుందని కొందరు వేస్తారు. అది తడి పట్టి ఉంచుతుంది, ఎండితే దుమ్ము లేస్తుంది. ఈ వయసు పిల్లలకు వద్దు.

కాళ్ళు చీలిన పిల్లను బాగు చెయ్యొచ్చా?

ఒకటి రెండు రోజుల్లో గమనిస్తే చెయ్యొచ్చు. రెండు కాళ్ళ మధ్య మామూలుగా నిలబడేటంత దూరం ఉంచి మెత్తటి ప్లాస్టరుతో సంకెలలా కలపండి. గోనె మీదే తిరగనివ్వండి. చాలావరకు కొద్ది రోజుల్లో నిలబడతాయి. వేళ్ళు లోపలికి ముడుచుకుపోతే అది వేరు. బీ2 విటమిన్ లోపం కావచ్చు, విటమిన్ చుక్కలు నీళ్ళలో కలపాలి.

టర్కీ దాణా మా ఊళ్ళో దొరకదు. ఏం పెట్టమంటారు?

అనపర్తి, తణుకు చుట్టుపక్కల కోళ్ళ దాణా షాపులు ఉన్నాయి కాబట్టి బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్, అంటే మాంసం కోళ్ళ పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టే దాణా, దొరుకుతుంది. దాంట్లో ప్రోటీన్ 22, 23 శాతం ఉంటుంది. తక్కువైనది గుడ్డుతో భర్తీ చేయండి. మొదటి పదిహేను రోజులు పది పిల్లలకు రోజుకొక ఉడికిన గుడ్డు, లీటరు నీళ్ళకు 100 మిల్లీలీటర్ల పాలు. పశుసంవర్ధక శాఖవాళ్ళు చెప్పేదీ ఇదే. పాలు కలిపిన నీళ్ళు మన వేడికి త్వరగా పులుస్తాయి. రెండు మూడు గంటలకోసారి పారబోసి గిన్నె కడగాలి. పులిసినవి తాగితే పారుడు పట్టుకుంటుంది.

బస్తా మీద ఏ మందు కలిపారో తప్పకుండా చదవండి. బ్రాయిలర్ దాణాలో రక్తపారుడు రాకుండా సాలినోమైసిన్ కలుపుతుంటారు. కోళ్ళకు మంచిదే, టర్కీలకు విషం. కాళ్ళు పడిపోయి చనిపోతాయి. అది లేని దాణా కావాలని అడగండి.

మాది భీమవరం దగ్గర. రొయ్యల మేత మిగిలింది. ప్రోటీన్ 35 శాతం అని రాసుంది. పెట్టొచ్చా?

వద్దండి. ప్రోటీన్ అంకె బాగానే ఉంటుంది గానీ అందులోని మిగతా పోషకాలు రొయ్యకు లెక్కవేసి కలిపినవి. చెరువు గట్టు షెడ్డులో ఉన్న పాత బస్తాలో తేమ ఎంత చేరిందో కూడా చెప్పలేం. ఉప్పుచేప పొడి కూడా అంతే. టర్కీ పిల్లలు ఉప్పును తట్టుకోలేవు. ఇదే కారణంతో సముద్రం వైపు ఊళ్ళలో చప్పటి తాగునీళ్ళే పోయండి, ఉప్పుబోరు నీళ్ళు వద్దు.

వానకి దాణా కొంచెం తడిసింది. ఎండబెట్టి వాడుకోవచ్చా?

వాడొద్దు. ఒక్క బస్తా పారేయడం బాధగానే ఉంటుంది, కానీ దీంట్లో రాజీ పడకూడదు.

1960లో ఇంగ్లండులో కొద్ది నెలల్లో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయాయి. ఏ క్రిమీ దొరకలేదు. ఏంటో తెలియక టర్కీ ఎక్స్ వ్యాధి అని పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుసెనగ పిండిలో బూజు ఉందని తేలింది. ఆ బూజు వదిలిన విషమే అఫ్లాటాక్సిన్. ప్రపంచానికి ఆ విషం సంగతి తెలిసిందే టర్కీ పిల్లల వల్ల. కోడిపిల్ల తట్టుకున్న మోతాదుకు టర్కీ పిల్ల కాలేయం పాడవుతుంది.

మన డెల్టాలో జూన్ నుంచి డిసెంబరు దాకా గాలిలో తేమే. వేరుసెనగ చెక్క, మొక్కజొన్న, తవుడు ఏదైనా నాలుగు రోజులకు ముక్క వాసన వస్తుంది. ఎండబెడితే బూజు చస్తుందేమో గానీ అది వదిలిన విషం పోదు. ఉడకబెట్టినా పోదు. పది రోజులకు సరిపడా మాత్రమే కొనుక్కోండి. బస్తాను గోడకూ నేలకూ తగలకుండా చెక్క మీద పెట్టండి. పిడికెడు తీసి నలిపి వాసన చూడండి. గడ్డ కట్టినా, మట్టి వాసన వచ్చినా ఆ దాణా పిల్లల దగ్గరికి పోకూడదు. తడిసిన ఊక కూడా అంతే. ఊక బూజు పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తాయి. ఆ దశకు వస్తే చేయగలిగింది తక్కువ. నీళ్ళ గిన్నె చుట్టూ తడిసిన ఊకను రోజూ చేత్తో తీసి పారేసి పొడి ఊక వేయండి.

కోళ్ళతో కలిపి పెంచొచ్చా?

పెంచొద్దు. కోళ్ళ పేగుల్లో ఉండే ఒక చిన్న పురుగు గుడ్లతో పాటు నల్లతల జబ్బు క్రిమి బయటికొస్తుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు. టర్కీ అదే నేల మీద తిరిగితే గంధకం రంగులో పసుపు రెట్ట వేసి, వాలిపోయి చనిపోతుంది. ఆ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. వానపాములు కూడా మోస్తాయి. మన తడినేలలో వానపాములకు కొదవేముంది! అందుకే కోళ్ళు తిరిగిన పెరడు కాకుండా వేరే చోటు చూసుకోండి. ముందు కోళ్ళ పని, తర్వాత టర్కీల పని అనే వరుస వద్దు. పొద్దున్నే టర్కీ పిల్లల పని చూసుకుని, ఆ తర్వాతే కోళ్ళ దగ్గరికి వెళ్ళండి. చెప్పులు కూడా వేరేవి ఉండాలి.

టీకాలు?

కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంటి చుక్క, ఆరో వారం దాటాక ఇంజెక్షను. నాలుగైదు వారాలకు మసూచి టీకా. తేదీలు మీ పశువుల ఆసుపత్రి డాక్టరు గారితో ఖాయం చేసుకోండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

వెనక రెట్ట అంటుకుపోయి గట్టిపడింది.

గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి నానబెట్టి తీయండి. లాగితే చర్మం ఊడొస్తుంది. ఆరబెట్టి, కొంచెం కొబ్బరినూనె రాసి వదలండి. చాలా పిల్లలకు ఇలా ఉంటే వేడి సరిగ్గా లేదని చూసుకోండి.

రాత్రి రెండు పిల్లలు మాయమయ్యాయి. దడి మాత్రం అలాగే ఉంది.

పందికొక్కు అయ్యుంటుంది. వరి చేల పక్క ఊళ్ళలో పిల్లి కంటే, ముంగిస కంటే ఇదే పెద్ద శత్రువు. నేల కింద నుంచి కన్నం చేసుకుని వస్తుంది. సిమెంటు నేల లేకపోతే అరంగుళం కన్నాల ఇనుప జల్లెడ కింద పరిచి, దాని మీద ఊక పోయండి. పాముకూ అదే అడ్డు. చీమల్ని తేలిగ్గా తీసుకోవద్దు. గుడ్డు, పాల వాసనకు ఎర్రచీమలు బారుగా వచ్చి పడుకున్న పిల్లల కళ్ళ దగ్గర కుడతాయి. బ్రూడర్ మంచం మీద ఉంటే మంచం నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి. నేల మీదైతే దడి చుట్టూ పసుపు గీత గీసి, మిగిలిన గుడ్డు ముక్కలు సాయంత్రమే ఏరేయండి.

మా పక్క చేలో బాతుల మంద దిగింది. భయపడాలా?

కోత అయిన చేలల్లో బాతులు మేపడం మనకు మామూలే. కానీ బాతులు, వలస పక్షులు పైకి ఏమీ కనబడకుండా బర్డ్ ఫ్లూ మోయగలవు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో కోళ్ళకు అది నిర్ధారణ అయినప్పుడు చుట్టుపక్కల ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుంది కదా. బాతులు తాగిన బోదె నీళ్ళు పిల్లలకు పోయొద్దు. ఒక్కసారిగా ఎక్కువ పక్షులు చనిపోతే దాచిపెట్టకుండా, కాలవలో పడేయకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పండి.

చేలో నెమలి గుడ్లు దొరికాయి. టర్కీ పిల్లల్లాగే బల్బు కింద పెంచొచ్చా?

పద్ధతి దాదాపు ఇదే. నెమలి గుడ్డు కూడా 28 రోజుల దగ్గర పొదుగుతుంది, పిల్లకు ఇంతే వేడి, ఇంతే ప్రోటీన్ కావాలి, నల్లతల జబ్బుకు అదీ లొంగుతుంది. కానీ మీరు పెంచకూడదు. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్డు తీసినా నేరమే. మూడు నుంచి ఏడేళ్ళ జైలు పడొచ్చు.

గుడ్లు కనబడితే ముట్టుకోకుండా వచ్చేయండి. మనం దూరం జరిగితే తల్లి తిరిగి వస్తుంది. కోత మిషను అటు వస్తుంటే ఆ నాలుగు గజాల చేను వదిలేయండి. పిల్లలు ఒంటరిగా కనబడ్డా తల్లి దగ్గర్లోనే ఉంటుంది. గాయపడిన పిల్ల చేతికి వస్తే 48 గంటల్లోపు అటవీ శాఖకో పోలీసు స్టేషనుకో చెప్పాలని చట్టం. అంతసేపు ఆగకుండా అప్పుడే చెప్పండి. వాళ్ళు వచ్చేదాకా గుడ్డ పరిచిన అట్టపెట్టెలో వెచ్చగా, చీకటిగా ఉంచితే చాలు.

బల్బు ఎప్పుడు తీసేయాలి? బయటికి ఎప్పుడు వదలాలి?

నాలుగైదు వారాలకు వీపు మీద ఈకలు నిండుతాయి. అప్పుడు పగలు తీసేసి, చల్లటి రాత్రులు మాత్రం వేయండి. ఆ వయసులో పొడి వాతావరణం చూసి గంటా రెండు గంటలు గడ్డిలోకి వదలొచ్చు. మంచు ఆరాకే వదలాలి. ఎనిమిది వారాలు నిండేదాకా వానలో తడవనివ్వద్దు. తలమీద ఈకలు పోయి ఎర్రటి కండ కనబడడం మొదలైతే గట్టిపడ్డాయని లెక్క.

సంక్రాంతికి అమ్మాలంటే పిల్లల్ని ఎప్పుడు తెచ్చుకోవాలి?

అమ్మే బరువు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. కనుమకు లెక్కేస్తే జులై చివరికి పిల్లలు దిగాలి, క్రిస్మసుకైతే జులై మొదట్లోనే. కానీ జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద. 2022 జులైలో లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. లంకల్లో ఉన్నవాళ్ళు మే చివర్లోనో జూన్ మొదట్లోనో తెచ్చుకుంటే వరద వచ్చేసరికి పిల్లలు గంపల్లో పెట్టి పడవ ఎక్కించేటంత గట్టిపడతాయి. ఏటిగట్టుకు ఇవతల ఉన్నవాళ్ళు జులైలో తెచ్చుకోవచ్చు, ఊకా దాణా తడవని చోటు ముందే చూసుకుంటే. హేచరీ దూరమైతే పిల్లల్ని రాత్రిపూట చల్లటి వేళ తెప్పించుకోండి, అవి దిగేసరికి బల్బులు వేసి కనీసం నాలుగు గంటలై ఉండాలి.